స్వేచ్ఛా కాగడాల ప్రదర్శన (1929)

స్వేచ్ఛా కాగడాల ప్రదర్శన: పత్రికల దృష్టిని ఆకర్షించడానికి 1929 మార్చి 31న, ఈస్టర్ ఆదివారం నాడు, న్యూయార్క్ నగరంలోని ఫిఫ్త్ అవెన్యూలో జరిపించిన ప్రచార ఘట్టం. దీన్ని అమెరికన్ టొబాకో కంపెనీ కోసం ప్రజాసంబంధాల నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ (1891–1995) రూపొందించాడు.

స్త్రీలు బహిరంగంగా పొగ తాగడాన్ని నాటి అమెరికా సమాజం తప్పుపట్టేది. ఆ అడ్డు తొలగితే లక్కీ స్ట్రైక్ సిగరెట్ల అమ్మకాలు పెరుగుతాయని కంపెనీ అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ హిల్ ఆశించాడు. మనోవిశ్లేషకుడు ఎ.ఎ. బ్రిల్ సలహా మేరకు బెర్నేస్ సిగరెట్‌ను స్త్రీ స్వేచ్ఛకు చిహ్నంగా, ‘స్వేచ్ఛా కాగడా’గా చూపాడు. సంపన్న కుటుంబాల యువతులకు అతని కార్యదర్శి పేరుతో టెలిగ్రామ్‌లు వెళ్లాయి. ఈస్టర్ ఊరేగింపు జనం మధ్య వారు సిగరెట్లు వెలిగించి నడిచారు. ఫొటోలకు ముందే ఏర్పాట్లు జరిగాయి. కంపెనీ పేరు మాత్రం బయటపడలేదు. మరునాడు న్యూయార్క్ టైమ్స్‌తో సహా పలు పత్రికలు దీన్ని వార్తగా ప్రచురించాయి.

వార్త కావడం కోసమే ఏర్పాటు చేసే ఇటువంటి సంఘటనలను చరిత్రకారుడు డేనియల్ బూర్‌స్టిన్ 1960ల తొలినాళ్లలో ‘ది ఇమేజ్’ గ్రంథంలో విశ్లేషించాడు. వాణిజ్య ప్రయోజనాన్ని సామాజిక ఉద్యమ రూపంలో వార్తగా మలచిన తొలినాటి ప్రసిద్ధ ఉదాహరణగా ఈ ప్రదర్శన ప్రజాసంబంధాల చరిత్రలో నిలిచింది.