స్వస్థలం ఎవరిది?

1964లో విశాఖ రేవులో ఓడ దిగేటప్పటికి అమ్మమ్మ వెంట ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకుపెట్టె. బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం ఆ ఏడే దుకాణాలన్నీ జాతీయం చేసింది, యాభై, వంద చాట్ నోట్లు రద్దు చేసింది. రంగూన్‌లో, మావాళ్ళ మాటలో రంగంలో, తాతయ్య పెట్టుకున్న కిరాణా కొట్టూ పోయింది, దాచిందీ పోయింది.

శ్రీకాకుళం దగ్గర తన ఊరికి పోదామన్నాడు తాతయ్య. రంగంలోనే పుట్టిన అమ్మమ్మ ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. "అక్కడ మీ అన్నదమ్ముల పంచన పడుండాలి. ఇక్కడ కూలైనా దొరుకుద్ది" అందట. అలా కంచరపాలెం బర్మా క్యాంపులో ఉండిపోయారు.

బర్మా వలస చరిత్రలో బియ్యం మిల్లులుంటాయి, ఓడరేవు కూలీలుంటారు, 1942లో కాలినడకన తిరిగొచ్చినవాళ్ళుంటారు. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలన్నారు, కోరంగి రేవు పేరుమీద. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. అందుకేనేమో, అక్కడే పుట్టి పెరిగిన ఆడపిల్లలు ఆ చరిత్రలో కనబడరు.

కాందిశీకులు స్వస్థలాలకు చేరారని సులువుగా రాసేస్తాం. అమ్మమ్మకి పుట్టిల్లు సముద్రం అవతలే ఉండిపోయింది. అత్తవారి ఊరికి ఆమె ఒప్పుకోలేదు. పుట్టిల్లూ అత్తిల్లూ కాని చోటొకటి తనే ఎంచుకుంది.

"నా ఊరు నాకు లేకుండా చేసింది" అని తాతయ్య చివరిదాకా అనేవాడు. ఆ బాధా అబద్ధం కాదు. అమ్మ మాత్రం ఇప్పటికీ, సొంతూరేదని ఎవరడిగినా, బర్మా క్యాంపు అనే చెబుతుంది.