‘మందు’ మాటకు మూడర్థాలు: దేవదాసు నుంచి పత్తిచేల దాకా

గుంటూరు, ప్రకాశం సీమలో ‘మందు’ అనే మాటకు మూడర్థాలున్నాయి. వైద్యుడు రాసిచ్చేది మందు. సీసాలో పోసి అమ్మేది మందు. పత్తికీ మిరపకూ కొట్టేదీ మందే. అందుకే ‘కుర్రవాడు మందు తాగాడండీ’ అని బంధువులు పరుగెత్తుకొచ్చినప్పుడు, ‘ఏ మందు?’ అని అడగనిదే ఇక్కడి వైద్యుడు చికిత్స మొదలుపెట్టలేడు.

మన చలనచిత్రాలు డెబ్బై ఏళ్లుగా ఎక్కువగా సీసాలోని మందు గురించే కథలు చెప్పాయి. ఆవేశంలో ఉన్న పల్లెటూరి పిల్లల చేతికి అందింది మాత్రం చేనికి కొట్టే మందు. ఈ రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

శరత్‌చంద్రుడు తన యౌవనంలో రాసి, 1917లో అచ్చుకిచ్చిన చిన్న నవల ‘దేవదాసు’. శరత్‌ను తెలుగువాడే అనిపించేంతగా మనకు దగ్గర చేసినవారిలో తెనాలి చక్రపాణి ముఖ్యులు. క్షయవ్యాధి సోకి మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో, తోటి రోగి దగ్గర ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. తెలుగువారి శరత్ అభిమానానికి ఒక ఆసుపత్రి మంచం కూడా కారణమన్నమాట!

వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన తెలుగు ‘దేవదాసు’ 1953 జూన్‌లో విడుదలైంది. అప్పటికి గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948 నుంచి ఆ రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులో ఉంది. అంటే సారా సీసా బయట కనిపిస్తే నేరమైన రోజుల్లో, తాగి తాగి ప్రాణం వదిలే నాయకుణ్ణి మన జనం కన్నీళ్లతో గుండెకు హత్తుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఒంగోలు ప్రాంతపు బిడ్డ, తరువాత ప్రకాశం జిల్లాకు పేరైన టంగుటూరి ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో ఆయన ప్రభుత్వం కూలిపోయింది కూడా ఈ మద్యనిషేధపు వివాదం మీదనే. చట్టం ఒక దారిన, మనసు మరొక దారిన నడవడం మనకు కొత్త కాదు.

తెరమీద దేవదాసు మరణం అందంగా ఉంటుంది. ఎడ్లబండి, చలిరాత్రి, ప్రియురాలి గుమ్మం, నేపథ్యంలో ఘంటసాల గొంతు. మద్యం వల్ల వచ్చే అసలు మరణంలో ఇవేవీ ఉండవు. పార్వతి పాత్ర ధరించిన సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. మధుమేహంతోనూ మద్యంతోనూ దెబ్బతిన్న ఆ మహానటి, ఏడాదిన్నరకు పైగా స్పృహలేని స్థితిలో ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు నిండలేదు. 2018లో ‘మహానటి’ చిత్రం వచ్చేవరకు ఈ ముగింపు గురించి కొత్త తరానికి తెలిసింది తక్కువే.

1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’తో కథ మలుపు తిరిగింది. ఇక్కడ కుంగిపోయేది జమీందారు కొడుకు కాదు, పక్కపక్క ఇళ్లలో పెరిగే పడుచువాళ్లు. విశాఖ తీరంలో ఆ జంట మరణంలోనే ఒక్కటవుతుంది. దీన్నే 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీసినప్పుడు, ఆ ముగింపును అనుకరించి ప్రేమజంటలు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. ఇటువంటి అనుకరణకు సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో ‘వెర్తర్ ప్రభావం’ అని పేరుపెట్టాడు. 1774 నాటి గోథే నవలలో ప్రాణం తీసుకున్న నాయకుడే ఈ వెర్తర్.

ఇప్పుడు చేల వైపు వద్దాం. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వచ్చాయి. తరువాతి దశాబ్దంలో మన నల్లరేగడి నేలల్లో పత్తి విస్తరించింది. పత్తితో పాటు పురుగుమందుల దుకాణాలు వెలిశాయి. మందు అప్పుకిచ్చే వ్యాపారే పంట కొనే వ్యాపారి కూడా అయ్యాడు. 1980ల్లో వచ్చిన కొత్తరకం మందులను మితిమీరి కొట్టడంతో తెల్లదోమ విజృంభించింది. శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగకుండా పోయింది. 1987లో పంట నాశనమై, అప్పులు తీర్చలేక ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిరైతులు ఆ మందుతోనే ప్రాణాలు తీసుకోవడం దేశమంతా మాట్లాడుకున్న విషాదం. 2021లో మిరపతోటల మీద నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడు మళ్లీ అదే పరుగు, అవే డబ్బాలు.

రైతుల గురించి చాలామంది రాశారు. అదే ఇంట్లోని పిల్లల గురించి రాసినవారు తక్కువ. పరీక్ష తప్పిన కుర్రవాడు, ప్రేమ సంగతి బయటపడి తిట్లు తిన్న అమ్మాయి నెలల తరబడి దేవదాసులా కుమిలిపోయి నిర్ణయం తీసుకోరు. చాలాసార్లు అది కొన్ని నిమిషాల ఆవేశం. ఆ నిమిషాల్లో చేతికి ఏది అందుతుందన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. ఒకసారి బతికి బయటపడినవారిలో పదింట తొమ్మిదిమంది ఆ తరువాత ఆత్మహత్యతో మరణించరని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి. ‘చావాలనుకున్నవాణ్ణి ఎవరాపగలరు?’ అనే మాటను అందుకే నేను ఒప్పుకోను.

శ్రీలంక ఆపి చూపించింది. 1995 నుంచి అక్కడ అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి డబ్బాలను అందులో దాచమన్న పెద్ద ప్రయోగం కూడా ఆ దేశంలోనే జరిగింది. దానివల్ల ప్రయోజనం కనిపించలేదని 2017లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. తాళంచెవి ఉండేది ఇంట్లోనే కదా! మన దేశం 2018లో 18 పురుగుమందుల నిషేధానికి ఉత్తర్వులిచ్చింది. ఇది ఆరంభమే తప్ప చాలదు.

సినిమా విషయంలోనూ మార్పు లేకపోలేదు. 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’ నాయకుడు స్వయంగా శస్త్రవైద్యుడై ఉండి మద్యానికీ మత్తుకూ బానిసవుతాడు. స్త్రీల పట్ల ఆ పాత్ర తీరు నాకు రుచించలేదు. అయినా ఒక్క సంగతి గమనించండి: దేవదాసు చనిపోయాడు, ఇతడు మానుకుని బతికాడు. కష్టాన్ని దాటి బతికిన కథలు విన్నవారిలో చావు ఆలోచన తగ్గవచ్చునని 2010లో ఆస్ట్రియా పరిశోధకులు చూపారు. చిత్రనిర్మాతల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలు కూడా వెలువరించింది.

ఇక మీ ఇంట గానీ పొరుగున గానీ అటువంటి ఆపద వస్తే ఆలస్యం చేయకండి. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. పోలీసు కేసవుతుందని భయపడి ‘పొరపాటున తాగాడు’ అని దాచకండి. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం, అలా ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని చెబుతోంది. ఎవరికైనా చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ‘టెలీ మానస్’ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, రుసుము లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు మందు డబ్బాను, చిరిగినా సరే దానిమీది కాగితాన్ని, వెంట తీసుకురండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.