పొదుపు చేసిన పొయ్యి

మా అమ్మమ్మకి ‘ఇంధన పొదుపు’ అన్న మాట తెలీదు. పప్పు ముందే నానబెట్టేది. పాలు దాలిలో పిడకల సెగ మీదే కాగేవి. వంటయ్యాక మిగిలిన నిప్పుల మీద స్నానానికి నీళ్లు పెట్టేది.

హైదరాబాదు ఇంజనీరు ఎస్.పి. రాజు పొగలేని వంటిళ్ల గురించి 1953లోనే పుస్తకం రాశారు. కేంద్రం మెరుగైన పొయ్యిల కార్యక్రమాన్ని 1983లో మొదలుపెట్టి 2002లో ఆపేసింది. ఈలోగా 1999లో ‘దీపం’ పథకం పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. మరి సిలిండర్ అయిపోతే మళ్లీ కొనే డబ్బెవరిది? అందుకే చాలా ఇళ్లలో టీ, కూర గ్యాసు మీద. అన్నం, వేణ్ణీళ్లు కట్టెల మీద. గ్యాసు ఆదా చేయడానికి ఆడవాళ్లు మళ్లీ పొగలోనే కూర్చున్నారు.

అమ్మమ్మ ఎప్పుడూ దగ్గుతూనే ఉండేది. వయసు వల్ల అనుకున్నాం మేం.