చిరివేరు, మడ అడవి, బడి: పెనుమూడి పరిసరాల్లో చేతులతో నేర్వదగిన చరిత్ర

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ను పులికాట్‌లో డచ్చివారు అడ్డుకున్నారు. అది నిజాంపట్నం చేరింది. విదేశీయుల రాతల్లో ‘పెటపోలి’ అంటే ఈ రేవే. అక్కడ వర్తకశాల పెట్టి ఓడ మచిలీపట్నం సాగింది. కృష్ణ ఒడ్డున ఉన్న పెనుమూడికి ఇంత దగ్గర్లో జరిగిన సంగతి మన బడుల్లో ఒక తేదీగా మిగిలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వాళ్లు వచ్చింది బట్టల కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనడానికి ఈ తీరపు అద్దకం బట్టలే పెట్టుబడి. వాటి ఎరుపు చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. వేరు తవ్వితేనే రంగు. శ్రీహరికోటలోని ఆదివాసులైన యానాదులు అడవి సరుకులతో పాటు చిరివేరునూ తవ్వి సర్కారుకు ఇచ్చేవారు. ఆ వేరును ఏ చేతులు తవ్వాయి, ఆ చేతులకు దక్కిందెంత అన్న ప్రశ్న పిల్లల దాకా రావాలి.

ఇలాంటి పాఠానికి ఒక నమూనా ఉంది. కెనడాలోని థండర్ బేలో నార్త్ వెస్ట్ కంపెనీ కోటను తిరిగి కట్టి, బొచ్చుతోళ్ల వ్యాపారాన్ని బడి పిల్లలకు చేతిపనులతో చూపిస్తున్నారు. అక్కడా జంతువు జాడ, నీటి దారి ఎరిగినవారు ఆదివాసులే. నైపుణ్యాన్ని వ్యాపారం నుంచి విడదీస్తే విహారయాత్ర మిగులుతుంది. వ్యాపారాన్ని నైపుణ్యం నుంచి విడదీస్తే తేదీల పట్టిక మిగులుతుంది. ఈ వ్యాసం ప్రతిపాదించేది రెండింటినీ కలిపిన పాఠం.

మొదటి సగం అద్దకం. పెనుమూడి దగ్గర కృష్ణ మీది వారధి దాటి మచిలీపట్నం వైపు పోతే పెడనలో కలంకారీ పనివారు ఉన్నారు. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి, పటిక అద్ది, రంగునీళ్లలో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. రసాయన శాస్త్రం పిల్లవాడి కంటి ముందే జరుగుతుంది. 1868లో జర్మనీలో ఈ ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశాక చిరివేరుకు గిరాకీ ఎందుకు పోయిందో అప్పుడు చెబితే బుర్రకెక్కుతుంది.

రెండో సగం కృష్ణ ముఖద్వారపు మడ అడవి. మడ ఆకు నాలుకకు ఆనిస్తే ఉప్పు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చినవి ఊపిరి వేర్లు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని ముందే చెప్పాలి. పీత బొరియ గుర్తించడం, పోటు ఎప్పుడు తిరుగుతుందో చూడటం యానాది పెద్దలు నేర్పాల్సినవి. వాళ్లను వింతగా చూపించకుండా, గురువులుగా పిలిచి గౌరవ వేతనం ఇవ్వాలి.

2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతులకు పుస్తకాల సంచి లేని 10 రోజులు సూచించింది. స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్వాలన్నది దాని ఉద్దేశం. వడ్రంగి, కుమ్మరి పేర్లు అందులో ఉన్నాయి. మన దగ్గర ఆ జాబితాలో అద్దకం పనివారినీ యానాది పెద్దలనూ చేర్చాలి. మడ అడవి అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి, పడవలో ప్రతి పిల్లవాడికీ లైఫ్ జాకెట్ తప్పనిసరి. బయలుదేరే వేళను పోటును బట్టి యానాది పెద్దలే నిర్ణయించాలి.