హామీ ఎవరిది? అధికారం ఎవరిది? – సరిహద్దు ఓటరు తెలుసుకోవలసిన విషయాలు

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ సిరొంచ తాలూకా గ్రామాలలో ఒక మాట తప్పక వినబడుతుంది: "ఎవరికి వేసినా ఏమున్నది?" ఈ మాట సోమరితనం వలన పుట్టినది కాదు, అనుభవం వలన పుట్టినది. లోక్‌సభకు నిలబడినవారూ, శాసనసభకు నిలబడినవారూ, జిల్లా పరిషత్తుకు నిలబడినవారూ ఒకే జాబితా చదువుతారు. రోడ్డు, ముంపు పరిహారం, ఆసుపత్రి, అటవీ భూమి పట్టా అందులో ఉంటాయి. వీటిలో ఏ పని ఏ పదవి చేతిలో ఉన్నదో మాత్రం విడమరచి చెప్పేవారు అరుదు. ఆ వివరాలను ఒకచోట చేర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఓటు ఎక్కడ?

సిరొంచ తాలూకా అహేరి శాసనసభ నియోజకవర్గంలోనిది. లోక్‌సభకు గడ్చిరోలి–చిమూర్ నియోజకవర్గంలోనిది. ఈ రెండు స్థానాలూ షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడినవి. లోక్‌సభ స్థానంలో 2009లో కాంగ్రెస్ అభ్యర్థి మారోత్‌రావ్ కోవాసే, 2014, 2019 సంవత్సరాలలో భాజపా అభ్యర్థి అశోక్ నేతే, 2024లో కాంగ్రెస్ అభ్యర్థి నామ్‌దేవ్ కిర్సాన్ గెలుపొందారు. అహేరిలో 2024 నవంబరు 20న జరిగిన ఎన్నికలో ధర్మారావు బాబా ఆత్రం, ఆయన కుమార్తె భాగ్యశ్రీ, బంధువైన అంబరీశ్‌రావు ఆత్రం ముగ్గురూ పరస్పరం తలపడగా ధర్మారావు గెలిచారు. ఒకే కుటుంబంలోని ముగ్గురి మధ్య ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఓటరు మనసులో నిరాశ కలగడం సహజమే.

మేడిగడ్డ నేర్పిన పాఠం

ప్రాణహిత, గోదావరి కలిసే కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ బరాజు ఉంది. దీని కోసం 2016 ఆగస్టు 23న ముంబయిలో మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. నీటిమట్టాన్ని 100 మీటర్లకు పరిమితం చేశారు. 85 గేట్లు, 16.17 టీఎంసీల సామర్థ్యం గల ఈ బరాజును 2019 జూన్ 21న ప్రారంభించారు. నీరు, ప్రయోజనం ఆవలి ఒడ్డుకు చేరగా, ఈవలి ఒడ్డున ఉన్న మన రైతులు పొలాల మునకను, ఒడ్డు కోతను చూశారు. 2022 జూలై వరదల తరువాత పరిహారం కోసం ఆందోళనలు చేశారు.

2023 అక్టోబరు 21న బరాజు స్తంభాలు కుంగాయి. నవంబరు 30న జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికలలో అది ప్రధాన ప్రచారాంశమైంది. ఆ ఎన్నికలలో సిరొంచ రైతుకు ఓటు లేదు. బరాజును నడిపే ప్రభుత్వాన్ని మనం ఎన్నుకోము. మనం ఎన్నుకునే ప్రభుత్వం బరాజును నడపదు. మన నిరాశకు మూలం ఇక్కడే ఉంది. అయితే మన ప్రతినిధులు చేయగలిగినదేమీ లేదని దీని అర్థం కాదు.

ఏ పని ఎవరిది?

పార్లమెంటు సభ్యుడు: అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలోని 56వ అంశం. 2014 పునర్విభజన చట్టం క్రింద ఏర్పడిన గోదావరి నది యాజమాన్య మండలిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే సభ్యత్వం ఉంది, మహారాష్ట్రకు లేదు. ఈ లోటును పార్లమెంటులో ప్రస్తావించడం ఎంపీ పని. ఆలపల్లి–సిరొంచ మార్గం జాతీయ రహదారి 353సి కనుక అదీ కేంద్రం పరిధిలోనిదే.

శాసనసభ్యుడు: సాగునీరు, భూమి, ఆసుపత్రులు రాష్ట్ర విషయాలు. ముంపు భూమి 2013 భూసేకరణ చట్టం క్రిందికి వస్తే సేకరణ జరిపేది మన జిల్లా కలెక్టరే. పొరుగు రాష్ట్రంతో చేసుకున్న ఒప్పందంలో మన ప్రభుత్వం కూడా సంతకం చేసింది. కాబట్టి "అది తెలంగాణ వ్యవహారం" అని శాసనసభ్యుడు తప్పించుకోలేడు.

జిల్లా పరిషత్తు: ప్రాథమిక పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, గ్రామీణ రోడ్లు.

గ్రామసభ: 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు స్వయంగా అధికారమిచ్చాయి. మన జిల్లాలోనే ధానోరా తాలూకాకు చెందిన మెండా–లేఖా గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కు పొంది, 2011 నుండి తన వెదురును తానే అమ్ముకున్నది.

నోటా వలన ఏమగును?

2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో "పైవారెవరూ కాదు" అనే మీట వచ్చింది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో నోటాకు ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు పొందినవారే గెలుస్తారు. స్థానిక సంస్థల విషయంలో మాత్రం మహారాష్ట్ర రాష్ట్ర ఎన్నికల సంఘం 2018 నవంబరులో వేరొక ఉత్తర్వు ఇచ్చింది: నోటాకే అత్యధిక ఓట్లు వస్తే మరల ఎన్నిక జరపాలి. నోటా ద్వారా కోపాన్ని తెలుపవచ్చును గాని, దానివలన పని జరగదు.

ఇది మనకే ఉన్న బాధ కాదు

తమ చేతిలో లేని దానిని వాగ్దానం చేయడం పెద్ద దేశాలలోనూ ఉన్నది. 2020 అమెరికా అధ్యక్ష ఎన్నికలో జో బైడెన్ విద్యార్థుల అప్పులో కొంత మాఫీ చేస్తామన్నారు. గెలిచి, 2022లో పథకాన్ని ప్రకటించారు. చట్టసభ స్పష్టమైన అనుమతి లేకుండా ప్రభుత్వానికి అంత అధికారం లేదని అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్ 30న దానిని కొట్టివేసింది. ఆశపడిన కుటుంబాలు అక్కడ కూడా నిరాశ చెందాయి.

అభ్యర్థిని అడగవలసిన ప్రశ్నలు

మ్యానిఫెస్టోలోని వాగ్దానానికి హేతువు చూపాలనీ, డబ్బు ఎలా తెస్తారో స్థూలంగా తెలపాలనీ ఎన్నికల సంఘం 2014లో ప్రవర్తనా నియమావళిలో చేర్చింది. కనుక ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు మనకున్నది: ఈ పని మీరు కోరే పదవి పరిధిలోనిదేనా? డబ్బు ఏ పద్దు నుండి వస్తుంది? మీ చేతిలో లేనిదైతే ఎవరిని, ఎప్పుడు, ఏ సభలో అడుగుతారు?

అడిగేవారి వద్ద కాగితాలూ ఉండాలి. భూమి సాత్‌బారా, పంట నష్టం పంచనామా నకలు, గ్రామసభ తీర్మానం భద్రపరచుకోవాలి. మరాఠీలో ఉన్న కాగితాన్ని ఇంట్లో చదువుకున్న పిల్లలచేత పెద్దలకు తెలుగులో చదివించాలి. ఏమి వ్రాసి ఉన్నదో తెలియకుండా వేలిముద్ర వేయరాదు. వచ్చే ఎన్నికలలో ప్రచార వాహనం మన ఊరికి వచ్చినప్పుడు "ఎవరికి వేసినా ఏమున్నది?" అని ఇంటిలోనే ఉండిపోక, బయటకు వచ్చి ఈ మూడు ప్రశ్నలు వేద్దాము.