అంతర్జాతీయ అవార్డులు, దళిత ఉద్యమకారులు: పేర్ల వెనక పోరాటాలు

పోటీ పరీక్షల పుస్తకాల్లో అవార్డు పేరు, గ్రహీత పేరు, సంవత్సరం మాత్రమే ఉంటాయి. ఆ అవార్డు ఎందుకు వచ్చిందో, దాని వెనక ఏ పోరాటం ఉందో ఉండదు. కులానికి ఎదురు నిలిచినందుకు ప్రపంచం గుర్తించిన కొందరి గురించి, వారి పోరాటాల వల్ల మన చేతికొచ్చిన హక్కుల గురించి ఇక్కడ వివరిస్తున్నాం.

బెజవాడ విల్సన్ (రామన్ మెగసెసే అవార్డు, 2016)

ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు రామన్ మెగసెసే 1957లో విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన పేరిట ఏర్పాటైన ఈ అవార్డును ఆసియా నోబెల్ అంటారు. విల్సన్ 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ప్రాంతంలో, పాకీ పని చేసే దళిత కుటుంబంలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించారు.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. కానీ ఆ పని తమ రాష్ట్రంలో లేనే లేదని ప్రభుత్వాలు బుకాయిస్తూ వచ్చాయి. ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి పొడి మరుగుదొడ్ల ఫొటోలు, కార్మికుల వివరాలు సేకరించి 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చి 27న కోర్టు తీర్పు చెప్పింది. మరో కేసులో 2023 అక్టోబర్‌లో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

రూత్ మనోరమ (రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు, 2006)

1980లో స్వీడన్‌లో మొదలైన ఈ అవార్డుకు ప్రత్యామ్నాయ నోబెల్ అని పేరు. చెన్నైలో పుట్టిన రూత్ మనోరమ బెంగళూరు బస్తీల్లో పని చేశారు. ఇళ్లల్లో పని చేసే మహిళలను సంఘటితం చేశారు. దళిత మహిళ కులం, వర్గం, లింగం అనే మూడు బరువులూ ఒకేసారి మోస్తోందని, మహిళా ఉద్యమం కులాన్నీ దళిత ఉద్యమం స్త్రీనీ మరిచిపోతే కుదరదని వాదించారు. దళిత మహిళల జాతీయ సమాఖ్య 1995లో ఏర్పడటంలో ఆమెది ముఖ్య పాత్ర.

కృష్ణమ్మాళ్ జగన్నాథన్ (రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు, 2008)

తమిళనాడులో భూమిలేని దళిత కుటుంబంలో పుట్టిన కృష్ణమ్మాళ్, భర్త శంకరలింగం జగన్నాథన్‌తో కలిసి ఈ అవార్డు అందుకున్నారు. ఇద్దరూ భూదాన ఉద్యమంలో పని చేసినవారే. 1951లో పోచంపల్లి దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడగడంతోనే ఆ ఉద్యమం పుట్టిందన్నది మనం మరవకూడదు.

1968 డిసెంబర్ 25న కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్న దళితుల మీద భూస్వాములు దాడి చేశారు. పిల్లలు, ఆడవాళ్లతో సహా 44 మంది గుడిసెలో కాలిపోయారు. ఈ దంపతులు ఆ ప్రాంతానికి తరలివెళ్లి, 1981లో లాఫ్టి అనే సంస్థను స్థాపించారు. భూస్వాములతో మాట్లాడి, బ్యాంకు అప్పుతో భూమి కొని, వేల కుటుంబాలకు ఒక్కో ఎకరం చొప్పున ఆడవాళ్ల పేరిట రిజిస్టర్ చేయించారు. తీరంలో రొయ్యల చెరువుల మీద జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఆంధ్ర తీరానికీ వర్తించింది.

దళిత మానవ హక్కుల జాతీయ ప్రచారోద్యమం (రాఫ్టో బహుమతి, 2007)

నార్వేలోని బెర్గెన్‌లో ఇచ్చే ఈ బహుమతి ఒక వ్యక్తికి కాక ఉద్యమానికే దక్కింది. కులం మా ఇంటి వ్యవహారమన్న భారత ప్రభుత్వ వాదనను ఈ ఉద్యమం 2001 డర్బన్ సదస్సులో ప్రశ్నించింది. పుట్టుక ఆధారంగా చూపే వివక్ష కూడా జాతి వివక్షే అని, కులం అందులోకి వస్తుందని 2002లో ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ చెప్పింది.

మనకు మిగిలిన పని

అవార్డు వేదిక మీద ఒక్కరే నిలబడతారు. తట్టలు తగలబెట్టిన ఆడవాళ్లు, కోర్టుకు సాక్ష్యం పోగుచేసిన కార్యకర్తలు ఆ ఫొటోలో ఉండరు. అవార్డులు వచ్చాక కూడా సెప్టిక్ ట్యాంకుల్లో చావులు ఆగలేదు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి దించడం నేరం. మొదటిసారి నేరానికే రెండేళ్ల వరకు జైలు. మీ ఊళ్లో అలాంటి చావు జరిగితే ప్రమాదం అని రాసి మూసేయనివ్వకండి. ఈ చట్టం కింద కేసు పెట్టారా, కులం కోణంలో అట్రాసిటీ చట్టం సెక్షన్లు చేర్చారా, 30 లక్షలు ఆ కుటుంబానికి అందాయా అని అడగండి. విల్సన్ పేరు గుర్తుంచుకోవడం కన్నా ఆ తీర్పును వాడుకోవడమే ఆ పోరాటానికి మనమిచ్చే గౌరవం.