మార్నింగ్టన్ – వెల్లెస్లీ వంశము : బిరుదముల పరంపర

తెలుగు దేశ చరిత్రను పరిశోధించువారు 1798 సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆలీఖానుతో జరిగిన సంధిపత్రమును, 1800 అక్టోబరు 12వ తేదీ నాటి సంధిపత్రమును ఒకదాని ప్రక్క నొకటి యుంచి చదివినచో నొక చిక్కు తోచును. మొదటి పత్రమున గవర్నరు జనరలు మార్నింగ్టన్ ఎర్లు. రెండవ పత్రమున మార్క్విస్ వెల్లెస్లీ. వీరు ఇరువురు కారు, ఒక్కరే. రెండు సంధుల నడుమ నున్న రెండేండ్లలో ఆయన బిరుదము మారినది. బిరుదముతో పాటు వ్యవహారనామమును మారినది. ఈ మార్పునకు మూలమైన వంశచరిత్రను, బిరుదములు సంక్రమించు పద్ధతిని ఈ వ్యాసమున మేము విచారింప దలచితిమి. ఇది కేవలము పరదేశపు వంశవృక్షపరిశీలనము కాదు. శాసనములయందు రాజుల బిరుదములను పట్టి కాలనిర్ణయము చేయుట మనకు అలవాటే. కుంపిణీ కాలపు పత్రములకును ఆ పద్ధతి చెల్లునని చూపుట మా యుద్దేశము.

ఐర్లండునందు స్థిరపడి, భూములు సంపాదించి, అధికారమున నిలిచిన ఆంగ్లమూలపు ప్రొటెస్టంటు ప్రభువర్గమును ఆంగ్లో-ఐరిష్ వర్గ మందురు. ఈ వంశము ఆ వర్గమునకు చెందినదే. కాని వెల్లెస్లీ యనునది వీరి మూలనామము కాదు. వీరి పూర్వులు కాలీలు; ఈ పేరునే కౌలీ యనియు వ్రాసిరి. మీత్ మండలమున డాంగన్, మార్నింగ్టన్ ఎస్టేట్లకు యజమానియైన గారెట్ వెస్లీ సంతానహీనుడై 1728లో మరణించెను. ఆయన ఆస్తి బంధువైన రిచర్డ్ కాలీకి సంక్రమించెను. ఆస్తితో పాటు రిచర్డ్ కాలీ వెస్లీ నామమును స్వీకరించెను. మన దత్తతయందు ఇంటిపేరును ఆస్తియు కలిసి వచ్చుటను ఇది కొంత పోలియున్నది. భేద మొక్కటి కలదు. ఆస్తిని వీలునామాచే ఈయవచ్చును, పేరును స్వీకరింపవచ్చును. ప్రభుబిరుదము మాత్రము దత్తతకు లొంగదు. అది రాజపత్రమున నిర్దేశించిన సంతతిక్రమముననే నడచును. ఈ వంశపు తరువాతి కథ యంతయు ఈ భేదముపై నాధారపడి యున్నది.

రిచర్డ్ వెస్లీకి 1746లో బారన్ మార్నింగ్టన్ బిరుదము లభించెను. ఆయన కుమారుడు గారెట్ వెస్లీ సంగీతవిద్వాంసుడు. 1764లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు ప్రథమ సంగీతాచార్యుడైనవాడు. ఆయన 1760లో మార్నింగ్టన్ ఎర్లుగను, వైకౌంట్ వెల్లెస్లీగను ఉన్నతి పొందెను. 1781లో ఆయన మరణించునాటికి కీర్తితో పాటు అప్పులును మిగిలినవి. పెద్దకుమారుడైన రిచర్డ్ (1760–1842) రెండవ ఎర్లయ్యెను. వెస్లీ యను రూపమును విడిచి, ప్రాచీనమైన వెల్లెస్లీ రూపమును 1789లో స్వీకరించినది ఈతడే. తమ్ముడైన ఆర్థర్ (1769–1852) 1798 వరకును వెస్లీ యనియే సంతకము చేసెను. కావున ఆ సంవత్సరమునకు పూర్వపు సైనికపత్రములలో కర్నల్ వెస్లీ కనబడినచో ఆయన అన్యుడని భ్రమింపరాదు.

ఇచట ఐర్లండు బిరుదముల స్థితిని గూర్చి కొంత చెప్పవలసి యున్నది. ఐర్లండు ప్రభువునకు ఆ బిరుదము వలన లండను ప్రభుసభలో స్థానము లేదు. డబ్లినునందలి ప్రభుసభలోనే కలదు. ఆ కారణముననే రిచర్డ్ ఎర్లయి యుండియు 1784 మొదలు బ్రిటిషు కామన్సు సభకు ఎన్నిక కాగలిగెను. గ్రేటు బ్రిటను ప్రభుత్వపు బిరుదము, అనగా బారన్ వెల్లెస్లీ, ఆయనకు 1797లో లభించెను. మరుసటి యేడు ఆయన గవర్నరు జనరలై యీ దేశమునకు వచ్చెను. 1801 జనవరి 1వ తేదీనుండి రెండు రాజ్యములు ఏకమైన పిమ్మట, ఐర్లండు ప్రభువులు తమలో 28 మందిని మాత్రము యావజ్జీవ ప్రతినిధులుగా లండను సభకు ఎన్నుకొనుచుండిరి. డబ్లిను సభ అంతరించెను. బిరుదము మిగిలెను, దానికి ఆధారమైన సభ మిగులలేదు.

రిచర్డ్ కాలమున అన్నదమ్ములు మువ్వురు ఈ దేశమున నుండిరి. 1798 సంధివలన నిజాము కొలువున నున్న ఫ్రెంచి దళము ఆ సంవత్సరము అక్టోబరులో రద్దయ్యెను. 1799లో శ్రీరంగపట్టణముపై నడచిన నిజాము పక్షపు సేనతో ఆర్థర్ నడచెను. మే 4వ తేదీన కోట పడి టిప్పు సుల్తాను నిహతుడయ్యెను. ఈ విజయమునకు ఫలముగా అదే సంవత్సరము డిసెంబరులో రిచర్డునకు మార్క్విస్ పదవి వచ్చెను. కాని అది ఐర్లండు బిరుదము. బ్రిటను బిరుదమును కోరి యుండిన ఆయన దీనిని రెండుమార్లు బంగారుపూత పూసిన ఉర్లగడ్డగా అధిక్షేపించెను. ఉర్లగడ్డ ఐర్లండు పేదల ఆహారమని తలచినచో ఈ మాటలోని కటుత్వము తెలియును. తన వంశమునకు ఉనికి నిచ్చిన దేశపు గౌరవమును ఆ వంశపు పెద్దయే చిన్నచూపు చూచెను. ఆంగ్లో-ఐరిష్ ప్రభువర్గపు మనఃస్థితికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు.

1800 సంధివలన, సైన్యవ్యయమునకు ప్రతిగా, నిజాము తాను 1792లోను 1799లోను మైసూరు రాజ్యమునుండి పొందిన ప్రాంతములను కుంపిణీకి వదలుకొనెను. బళ్లారి, అనంతపురము, కడప సీమలు ఇట్లు దత్తమండలము లయ్యెను. ఇంకొక జాగ్రత్తయు అవసరము. రిచర్డ్ కడగొట్టు తమ్ముడైన హెన్రీ వెల్లెస్లీ, 1801లో అయోధ్య నవాబు వదలుకొన్న ప్రాంతముల పాలనను నిర్వహించెను. ఆంగ్లపత్రములలో రెంటికిని ఒకే విశేషణము వాడబడెను. దత్తమండలముల తొలి పాలకుడు థామస్ మన్రో. హెన్రీ పాలించినది ఉత్తరదేశము. పేరును, విశేషణమును మాత్రమే చూచి యీ రెంటిని కలుపుట పొరపాటగును.

ఇక బిరుదముల గతిని చూతము. రిచర్డునకు హయసింత్ రోలాండ్ వలన ఐదుగురు సంతానము కలిగిరి. వారందరు 1794 నాటి వివాహమునకు పూర్వమే జన్మించినవారు. పిదప జరిగిన వివాహము అట్టి సంతతికి నాటి ఆంగ్లన్యాయము ప్రకారము వారసత్వము నీయదు. కావున 1842లో రిచర్డ్ మరణముతో మార్క్విస్ బిరుదము అంతరించెను. ఈ దేశమున రాజ్యములకు వారసులను నిర్ణయించిన వ్యక్తికి తన బిరుదమునకు వారసుడు లేకపోయెను. ఐనను ఆయన రక్తము నిలిచినది. ఆయన కుమార్తె యాన్ సంతతియందే ఎలిజబెత్ రాణి (1926–2022) జన్మించెను. బిరుదము వెళ్లలేని చోటికి రక్తము వెళ్లెను.

ఎర్లు బిరుదము మాత్రము తండ్రినాటిది గనుక తమ్ముడైన విలియమునకు పోయెను. ఆయన అప్పటికే 1821లో బారన్ మేరీబరో యైనవాడు. విలియము కుమారుడు, నాల్గవ ఎర్లు, భార్య తెచ్చిన మహదైశ్వర్యమును వ్యర్థపరచెను. ఆమె వాన్‌స్టెడ్ సౌధము కూల్చివేయబడి సామగ్రిగా విక్రయింపబడెను. ఐదవ ఎర్లు 1863లో అవివాహితుడై మరణింపగా మార్నింగ్టన్ బిరుదము ఆర్థర్ శాఖను చేరెను.

ఆర్థర్ ఆరోహణము వేరు విధమైనది. స్పెయిను, పోర్చుగలు యుద్ధములలోని విజయములకు 1809లో వైకౌంటు, 1812లో తొలుత ఎర్లు, పిదప మార్క్విసు, 1814లో వెల్లింగ్టన్ డ్యూకు అయ్యెను. అన్న బిరుదములు ఐర్లండువి, తమ్మునివి సంయుక్తరాజ్యపువి. గుఱ్ఱపుసాలలో పుట్టినంత మాత్రమున మనిషి గుఱ్ఱము కాడని ఆయన తన ఐరిష్ జన్మమును నిరాకరించెనని లోకమున ఒక మాట వ్యాప్తిలో నున్నది. అది ఆయనది కాదు. 1843లో డేనియల్ ఓకానెల్ ఆయనను గూర్చి యన్నది. ఆయన చర్యలను చూచినచో విషయము మరింత జటిలము. రిచర్డ్ 1821 మొదలు ఐర్లండు రాజప్రతినిధిగా నుండి కాథలిక్కుల హక్కులకు అనుకూలుడై, ఆ విషయమున ప్రతికూలుడగు తమ్ముడు 1828లో ప్రధానమంత్రి కాగా పదవి విడిచెను. కాని కాథలిక్కులకు పార్లమెంటు ద్వారములు తెరచిన 1829 శాసనమును గడుపవలసి వచ్చినది ఆ తమ్ముడే.

హెన్రీ 1828లో బారన్ కౌలీ అయ్యెను. ఆయన కుమారుడు 1857లో ఎర్ల్ కౌలీ అయ్యెను. నూరేండ్ల క్రిందట ఆస్తికై విడిచిన పూర్వనామము ఇట్లు బిరుదరూపమున తిరిగి వచ్చెను.

వెల్లింగ్టన్ శాఖయందును క్రమము ఋజువుగా నడవలేదు. రెండవ డ్యూకు 1884లో నిస్సంతుగా మరణింపగా బిరుదము సోదరపుత్రునకు, ఆరవ డ్యూకు 1943లో ఇటలీయుద్ధమున సలెర్నోవద్ద మరణింపగా పినతండ్రికి పోయెను. వంశపు తొలి గౌరవమైన మార్నింగ్టన్ నామము ఇప్పుడు డ్యూకు వారసుని జ్యేష్ఠపుత్రునకు మర్యాదబిరుదముగా వాడబడుచున్నది. డాంగన్ సౌధము శిథిలమై యున్నది.

ఇందుండి తేలునది యేమనగా, పేరు, ఆస్తి, బిరుదము, రక్తము అను నాలుగును ఒకే మార్గమున ప్రవహింపవు. పేరు స్వీకారముచేతను, ఆస్తి వీలునామాచేతను, బిరుదము రాజపత్రముచేతను నడచును. రక్తము వీనిలో దేనిని లెక్కింపదు. మన దేశచరిత్రకు సంబంధించిన ఆంగ్లపత్రములను పరిష్కరించువారు ఈ వివేకమును పాటించినచో ఒక్కనిని ఇరువురుగను, ఇరువురిని ఒక్కనిగను గ్రహించు ప్రమాదము తప్పును. తేదీలేని పత్రమున మార్నింగ్టన్ అని యున్నచో అది ఆయనకు కొత్త బిరుదపు వార్త అందకముందటిదనియు, మార్క్విస్ వెల్లెస్లీ అని యున్నచో తరువాతిదనియు నిర్ణయింపవచ్చును. ఒక ప్రభువు అసంతృప్తితో స్వీకరించిన బిరుదము ఇట్లు మనకు కాలనిర్ణయసాధనముగా నుపకరించుచున్నది.